అక్కడేముందని?

కిందటి సంక్రాంతికి చీరాల వెళ్ళాం. చీరలు కొన్నాం, వాడరేవులో సముద్రం చూశాం. "ఇంతదూరం వచ్చాం కదా, మోటుపల్లి కూడా చూసొద్దాం" అన్నాను. మావారూ, ఆడపడుచూ ఒక్కమాటగా "అక్కడేముందని? కోటా, మేడా?" అనేశారు. కారు ఇంటిదారి పట్టింది.

ఆ ప్రశ్నతోనే నా తగవు. చరిత్రంటే కోటలూ, కత్తులూ, కూలిన బురుజులేనా?

మోటుపల్లి కాకతీయుల నాటి రేవు. అక్కడి వీరభద్రస్వామి గుళ్ళో ఓ రాతిస్తంభం ఉంది. దానిమీద 1244-45లో గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులకో దుర్మార్గపు అలవాటుండేది. తుపానుకి దారితప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో ఏనుగులున్నా, గుర్రాలున్నా, రత్నాలున్నా అన్నీ లాగేసుకునేవారు. మునిగినవాణ్ణి మళ్ళీ ముంచడమన్నమాట! గణపతిదేవుడు అది మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాడి సొత్తు వాడిదేనన్నాడు. సుంకం ముప్పయ్యింట ఒక వంతు చాలన్నాడు. కర్పూరం, చందనం, పన్నీరు, ముత్యాలు, పట్టు, మిరియాలు, వక్కలు — ఏ సరుకుకి ఎంతో రాతిమీదే చెక్కించాడు. మన పూజగదీ, పోపులపెట్టే, తాంబూలం పళ్ళెమూ అన్నీ ఆ రాతిమీద ఉన్నాయి. ఇంకా ఏముండాలమ్మా?

ఆయన తరువాత రాజ్యమేలింది కూతురు రుద్రమదేవి. ఆ శతాబ్దం చివర్లో మన తీరానికొచ్చిన మార్కోపోలో ఈ సీమ గురించి రాస్తూ, సాలెగూడులాంటి సన్నని బట్టల్నీ, న్యాయంగా ఏలిన రాణినీ మెచ్చుకున్నాడు. కానీ ఆవిణ్ణి రాజుగారి భార్య అనుకున్నాడు! తండ్రి సింహాసనం కూతురెక్కుతుందని పాపం ఆయన ఊహకి అందలేదు కాబోలు. సరే, ఆయన పరదేశి. మనకేమయింది? వజ్రాలకోసం లోయలో మాంసం ముక్కలు విసిరితే గద్దలు ఎత్తుకొచ్చేవన్న ఆయన కథ మాత్రం పిల్లలకి చెబుతాం. అంత సన్నని నూలు ఏ చేతులు వడికాయో ఒక్కనాడూ అడగం. చీరాలలో చీరకొంగు వేళ్ళమధ్య నలిపి చూసి మురిసిపోతాం, ఆ నేతకి పేరు తెచ్చిన రేవు పక్కనే ఉంటే "ఏముందని" అంటాం!

కోటలు కట్టడానికి రాళ్ళూ, కూలీలూ ఉంటే చాలు. ముక్కూమొహం తెలియనివాడు సముద్రాలు దాటి మనల్ని నమ్మి రావాలంటే మాట కావాలి. మోటుపల్లిలో ఉన్నది ఆ మాటే.

వచ్చేసారి పిల్లల్ని ముందు అక్కడికే తీసుకెళతాను. చీరలు తరవాత. మావారు మళ్ళీ "అక్కడేముందని?" అంటే నా జవాబు సిద్ధంగా ఉంది.

"ఇచ్చిన మాట ఉందండీ, చూసొద్దాం రండి!"