పదిహేనేళ్ళు నిండితే దోషం పోతుందా?

వాడిన కారును పొరుగుదేశం నుండి తెచ్చుకోవడం గురించి వ్రాయబోతున్నాననగానే, సాహిత్యం మధ్యలో ఈ ఇనుప సామాను ఏమిటని కొందరు మిత్రులు కనుబొమలు ముడివేయవచ్చు. ఒక మంచి మాటను అడ్డం పెట్టుకుని జరిగే వ్యాపారాన్ని ఎత్తిచూపడం కూడా సాహిత్యాభిమానుల పనేనని నా అభిప్రాయం. ఆ మాట 'భద్రత'. దానిని ఎవరు ఎందుకు వాడుకుంటున్నారో తెలియాలంటే, కెనడా అమెరికాల సరిహద్దు దగ్గర ఒక పాత స్పోర్ట్స్ కారును నిలబెట్టి చూస్తే చాలు.

కెనడాలో ఉంటున్న మావంటి వారికి అమెరికాలోని పాత కార్ల విపణి ఇంటి ముందరి అంగడి వంటిది. మాకంటే ఎనిమిది రెట్లు జనం ఉన్న దేశం కనుక అక్కడ దొరకని కారుండదు. తెచ్చుకోవడానికి నిషేధమూ లేదు. కారు యాజమాన్య పత్రాన్ని అమెరికా కస్టమ్స్ వారికి కనీసం 72 గంటల ముందు అందజేయాలి. ఇవతలి గట్టున పన్ను కట్టాలి. ఉత్తర అమెరికాలో తయారు కానిదైతే మామూలుగా 6.1 శాతం సుంకం అదనం. ఆపైన 45 రోజులలోగా కెనడా నిబంధనలు కోరే మార్పులు చేయించి తనిఖీ నెగ్గించాలి. పగలు కూడా వెలిగే ముందు దీపాలు, పసిపిల్లల సీటును బిగించే కొక్కేలు వంటివి ఆ నిబంధనలలో ఉన్నాయి. ఇవన్నీ అర్థమున్న విషయాలే. వీటితో నాకు తగాదా లేదు.

నా తగాదా కారును తనిఖీ దాకా కూడా పోనివ్వని జాబితాతో. ఏ సంస్థ చేసిన ఏ మోడల్‌కు ప్రవేశముందో, దేనికి లేదో చెబుతూ కెనడా రవాణాశాఖ ఒక పట్టిక ఉంచుతుంది. అందులో 'లేదు' అని ఉంటే మీ కారు ఎంత నిక్షేపంగా ఉన్నా రావడానికి వీల్లేదు. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ సంగతే చూడండి. చిన్న శరీరం, టర్బో ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి. 2003లో అది అమెరికాలో అమ్మకానికి వచ్చింది. కెనడాలో 2008 మోడల్ వచ్చేవరకు అమ్మలేదు. అమెరికాలో కొని తెచ్చుకుందామన్నా దారి లేదు. అడ్డమేమిటయ్యా అంటే బంపరు! గంటకు 4 కిలోమీటర్ల వేగంతో తాకిన దెబ్బకు బంపరు తట్టుకుంటే చాలునని అమెరికా అన్నది. కెనడా 8 కిలోమీటర్లు అడిగింది. అది మనిషి పరుగు వేగం కంటే తక్కువ. ఆ వేగంలో తగిలే దెబ్బకు పోయేది బంపరే గాని ప్రాణం కాదు. ఆ తరువాత కెనడాయే ఈ పట్టును సడలించి అమెరికా ప్రమాణాన్ని కూడా అంగీకరించింది.

ఇంతకూ ఆ 2003 నాటి కారు ఏమైంది? 2018లో దానికి 15 ఏళ్ళు నిండాయి. కెనడా చట్టం ప్రకారం 15 ఏళ్ళు దాటిన కారుకు ఈ ప్రమాణాలేవీ వర్తించవు. అదే కారు, అదే బంపరు. ఈలోగా అడుగున తుప్పు పట్టింది, రబ్బరు గొట్టాలు పగుళ్ళు వారాయి, ఎన్ని చేతులు మారిందో, ఎందరు కుర్రవాళ్ళు దాని ఇంజనుతో ప్రయోగాలు చేశారో తెలియదు. అప్పుడు మాత్రం రావచ్చునట. నవయౌవనంలో ప్రమాదకరం, వార్ధక్యంలో క్షేమకరం! ఏ యంత్రశాస్త్రంలోనైనా ఇటువంటి సూత్రం ఉంటే ఎవరైనా చూపించండి.

అమెరికాలో ఈ గడువు 25 ఏళ్ళు. 1988లో చేసిన చట్టం అది. అంతకుముందు డాలరు బలంగా ఉన్న రోజులలో అమెరికనులు జర్మనీ నుండి మెర్సిడెస్, బీఎండబ్ల్యూ కార్లను స్వయంగా తెచ్చుకుని, స్థానిక విక్రేతల ధరలకు గండి కొట్టారు. ఆ గండి పూడ్చడానికి వచ్చిన చట్టానికి పెట్టిన పేరు కూడా భద్రతే. ఫలితం చూడండి. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ చివరి తరమైన ఆర్34 తయారీ 1999 జనవరిలో మొదలైంది. తొలి కార్లకు నయాగరా నదికి ఇటు ఒడ్డున 2014లో ప్రవేశం, అటు ఒడ్డున 2024లో. పదేళ్ళపాటు ఆ నది ఒక ఒడ్డున నిర్దోషి, మరొక ఒడ్డున అపరాధి. అంతకంటే విడ్డూరం, కెనడా నివాసి తన స్కైలైన్‌లో పర్యాటకుడిగా అమెరికాకు వెళ్ళి, ఏడాది వరకు అక్కడి రోడ్లమీద తిరగవచ్చు. ప్రమాదం కారులో ఉందా, కొనేవాడి చిరునామాలో ఉందా?

మన దేశం సంగతి కూడా చెప్పుకుందాం. భారతదేశంలోకి వాడిన కారు రావాలంటే అది తయారై మూడేళ్ళు దాటకూడదు. కెనడాలో పదిహేను దాటాలి, అమెరికాలో పాతిక దాటాలి, ఇండియాలో మూడు దాటరాదు. మూడు దేశాల పెద్దలూ ప్రజాక్షేమమే కారణమంటారు. ముగ్గురి మాటా ఒకేసారి నిజమయ్యే అవకాశం లేదు.

ప్రతిపక్షం వాదనను దాటవేయను. జపాను నుండి వచ్చే కార్లకు స్టీరింగు కుడివైపున ఉంటుంది. కుడివైపు నడిచే రోడ్లమీద వాటికి ప్రమాదాలు 40 శాతానికి పైగా ఎక్కువని బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వ బీమా సంస్థ అధ్యయనం తేల్చింది. ఇది బలమైన మాట. అయితే పదిహేనేళ్ళు గడిచాక ఆ స్టీరింగు ఎడమవైపుకు జరుగుతుందా? కుడి స్టీరింగు చేటయితే దానిని ఏ వయసులోనైనా ఆపండి, నేను నోరెత్తను. పైగా అమెరికాలో అమ్మిన ఎవల్యూషన్‌కు స్టీరింగు ఎడమవైపునే ఉంది.

ఇక తయారీ సంస్థల పాత్ర. 2002 జనవరిలో కెనడా డాలరు 62 అమెరికా సెంట్లకంటే దిగువకు పడిపోయింది. అప్పుడు కెనడా కార్లు అమెరికనులకు చవక. కొత్త కార్లు దక్షిణానికి పోకుండా తయారీ సంస్థలు ఎగుమతిదారులకు అమ్మిన డీలర్లను శిక్షించాయి, సరిహద్దు దాటిన కార్లకు వారంటీ నిరాకరించాయి. 2007 సెప్టెంబరులో, 1976 తరువాత మొదటిసారిగా, రెండు డాలర్లూ సమానమయ్యాయి. ఇప్పుడు అమెరికా కార్లు మాకు చవక. వెంటనే అడ్డుగోడ రెండో వైపుకు తిరిగింది. సంస్థలన్నీ కూడబలుక్కున్నాయని న్యాయస్థానాలలో వ్యాజ్యాలు నడిచాయి, సంస్థలు కాదన్నాయి. కుట్ర జరిగిందని నేను అనను. గాలి ఎటు వీచినా తలుపు కొనుగోలుదారు ముఖం మీదనే మూసుకుంటుందని మాత్రం అంటాను.

ఆ 2007లోనే న్యూయార్కు రాష్ట్రంలో అయిదేళ్ళ వయసున్న ఒక స్పోర్ట్స్ కారును నేను ఖాయం చేసుకున్నాను. రవాణాశాఖ పట్టికలో దానికి ప్రవేశముంది. అయితే ఆ కారుకు మరమ్మతు కోసం వెనక్కి పిలిచిన లోపాలేవీ మిగిలి లేవని తయారీ సంస్థ ఒక లేఖ ఇవ్వాలి. కెనడా కార్యాలయాన్ని అడిగితే అమెరికా వారిని అడగమన్నారు. అమెరికా వారు కెనడా వారినే అడగమన్నారు. ఆరువారాలు తిరిగాక బేరం చెడింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నది నాకు సామెతగా కాక అనుభవంగా తెలిసింది. కారు పోయినందుకు బాధ లేదు. నాకు అమ్మజూపే దుకాణదారే నేను పక్క దుకాణానికి వెళ్ళడానికి అనుమతిపత్రం ఇవ్వాలన్న ఏర్పాటు మాత్రం నేటికీ మింగుడుపడదు. వెనక్కి పిలుపుల వివరాలు ఛాసిస్ నంబరుతో ఎవరైనా ఉచితంగా చూసుకునే సదుపాయాన్ని అమెరికా ప్రభుత్వం 2014లో కల్పించింది. అది అంత తేలిక పనే అయినప్పుడు, ఆనాడు ఆ లేఖను ఎందుకు గుప్పిట్లో పెట్టుకున్నారు?

వేగపు కార్ల మోజు ధనికుల గోల, దానికింత వ్రాతా అని ఒకరు అడుగుతారు. ఎవల్యూషన్‌ను ఆపిన పట్టికే సియెన్నా వ్యాన్ తలరాతనూ నిర్ణయిస్తుంది. ఇద్దరు పిల్లలు, ఇండియా నుండి వచ్చిన అమ్మానాన్నలు, కొత్త ఉద్యోగం, అప్పుతో కొన్న ఇల్లు ఉన్న సంసారి, సరిహద్దుకు అవతల కొన్ని వేల డాలర్లు తక్కువకు దొరికే వ్యాన్‌ను కొనగలగాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. స్పోర్ట్స్ కారు ఆ ప్రశ్నను బిగ్గరగా అడుగుతుంది, అంతే.

నిజంగా భద్రతే కావాలంటే చూడవలసినవి వేరే ఉన్నాయి. అడుగు చట్రానికి తుప్పు ఎంత? బ్రేకులు పడుతున్నాయా? వరదనీటిలో మునిగిందా? మీటరును వెనక్కి త్రిప్పారా? వీటిని పట్టుకునేవాడు కారు కింద దూరి చేతులకు గ్రీసు పూసుకునే మెకానిక్కే. పదిహేనేళ్ళు దాటిన కారుకు కూడా ఒంటారియోలో నంబరు పలక ఇచ్చే ముందు అతడి ధ్రువపత్రం కావాలి. పాత కారుకు అతడి మాట చాలినప్పుడు, కొత్త కారుకు ఎందుకు చాలదు? వయసును కాదు, కారును పరీక్షించండి.

2025 ఏప్రిల్‌లో అమెరికా విదేశీ కార్లపై 25 శాతం సుంకం వేసింది, కెనడా అమెరికా కార్లపై అంతే ప్రతిసుంకం వేసింది. నాకు సుంకాలమీద ప్రేమ లేదు. కాని సుంకానికి ఒక నిజాయితీ ఉంది. అది తన పేరు సుంకమనే చెప్పుకుంటుంది, ఎంతో అంకెల్లో చెబుతుంది, దానిని వేసినవాడిని ఎన్నికలలో నిలదీయవచ్చు. బంపరు వెనుక దాగిన సుంకానికి అంకె లేదు, దానిని వేసినవాడూ కనబడడు. మీ పరిశ్రమను కాపాడుకోదలిస్తే ఆ మాటే చెప్పి కాపాడుకోండి, వాదించుకుందాం. నా పిల్లల ప్రాణాల పేరు చెప్పి నా జేబులో చెయ్యి పెట్టవద్దు.