వాహన వివేకం: కిష్టారం దారికి పాత జిప్సీ

ఈ మాసం శీర్షికకు అందిన ఉత్తరాలలో ఒకదానికి విపులంగా సమాధానం వ్రాయవలసి ఉన్నది. వ్రాసిన సోదరుడు మన సంస్థలో సీనియర్ టెక్నీషియన్. పదవీ విరమణకు పద్దెనిమిది నెలలు మిగిలి ఉన్నవి. స్వగ్రామం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లాలో, కిష్టారం సమీపాన ఒక చిన్న పల్లె. తల్లిగారు అక్కడనే ఉన్నారు. వయసు డెబ్బది దాటినది, కొడుకు క్వార్టరుకు రావడానికి ఆమె అంగీకరించరు. విరమణ అనంతరం తానును అక్కడికే పోయి నాలుగెకరాల భూమి చూచుకొనవలెనని వారి సంకల్పం. ఇటీవల ఒక దళారి 1997 నాటి మారుతి జిప్సీ కింగ్‌ను లక్ష రూపాయలలోపు ధరకు చూపినాడట. ఒకప్పుడు ఏదో ప్రభుత్వ శాఖలో నడిచిన బండి. "కొనవచ్చునా?" అన్నది ప్రశ్న. ఉత్తరం అడుగున వారి శ్రీమతి గారు వేరే కలంతో ఒక వాక్యం చేర్చినారు: "అన్నయ్యగారూ, వానాకాలంలో అత్తయ్యగారికి జబ్బు చేస్తే ఈ బండి వాగు దాటిస్తుందా?" పేరు ప్రకటించవద్దని కోరినారు కనుక ప్రకటించుట లేదు.

నా దృష్టిలో అసలు ప్రశ్న ఆ సోదరీమణి అడిగినదే. ముందుగా బండి సంగతి చెప్పుకొని, తరువాత వాగు దగ్గరకు పోదాము.

కిష్టారం ఎక్కడ ఉన్నదో తెలియని పాఠకుల కొరకు రెండు మాటలు. ఒకనాడు కేరళ రాష్ట్రమంత విస్తీర్ణం కలిగిన బస్తరు జిల్లాను 1998లో మూడు జిల్లాలుగా విభజించినారు. 2012లో దంతేవాడ నుండి సుక్మా వేరుపడినది. ఆ సుక్మా జిల్లాకు దక్షిణాన, కుంట ప్రాంతంలో, మన తెలంగాణలోని చర్ల మండలానికి సరిహద్దు అవతల ఉన్నది కిష్టారం. రాష్ట్రం వేరైనా భాషలో, బంధుత్వాలలో, సంత బేరాలలో చర్ల, భద్రాచలం వైపుతో ఆ పల్లెలకు తరతరాల సంబంధం. కోయ మాట, తెలుగు మాట ఒకే ఇంటిలో వినబడుతవి. రహదారి మాత్రం బంధుత్వమంత సులభం కాదు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, అడుగడుగునా వాగులు. భద్రత కూడా చిన్న విషయం కాదు. 2018 మార్చి 13న కిష్టారం, పాలోడి మధ్య మందుపాతర పేలి తొమ్మిదిమంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు మరణించినారు. మందుపాతరలను తట్టుకొనేటట్లు తయారుచేసిన వాహనంలోనే వారు ప్రయాణిస్తున్నారు. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల రహదారుల కొరకు కేంద్రం 2009లో ఒకటి, 2016లో మరొకటి ప్రత్యేక పథకాలు చేపట్టినది. దానితో ఒకప్పుడు కాలిబాటలే ఉన్న చోట్ల తారు, కాంక్రీటు కనబడుతున్నవి. బండి ఎంపికలో ఈ మార్పును కూడా లెక్కలోనికి తీసుకొనవలెను. పదిహేనేళ్ళ క్రిందటి దారిని తలచుకొని బండి కొనుట, చిన్ననాటి కొలతలతో చొక్కా కుట్టించుకొనుట వంటిది.

ఇక జిప్సీ. దీని వంశం జపానులో 1970లో వెలువడిన సుజుకి జిమ్నీతో మొదలైనది. ఆ మొదటి జిమ్నీ ఇంజను 360 సి.సి. మాత్రమే. తరువాతి తరమైన ఎస్.జె.410ను కొంచెం పొడిగించి మారుతి సంస్థ 1985 డిసెంబరులో మన దేశంలో జిప్సీగా విడుదల చేసినది: 970 సి.సి. ఇంజను, 45 అశ్వశక్తి, నాలుగు గేర్లు. 1993లో చక్రాల నడుమ వెడల్పు పెంచినారు, బండి ఒరిగే స్వభావం కొంత తగ్గినది. 1996లో 1298 సి.సి. ఇంజనుతో, 60 అశ్వశక్తితో, అయిదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చినది. 2000లో కార్బురేటర్ పోయి ఎం.పి.ఎఫ్.ఐ. పద్ధతి ప్రవేశించినది, శక్తి 80కి పెరిగినది. కొత్త భద్రతా ప్రమాణాలకు తూగలేక 2019లో పౌరులకు అమ్మకం ముగిసినది. సైన్యం, పోలీసు, అటవీ శాఖలు మూడు దశాబ్దాలకు పైగా దీనిని వాడినవి. మన సర్వే బృందాలలో పనిచేసిన పెద్దలకు దీని వెనుక బల్లమీద కూర్చుని నడుము పట్టుకొనిన జ్ఞాపకం ఉండకపోదు.

సుమారు ఒక టన్ను బరువు, నేలకు 21 సెంటీమీటర్ల ఎత్తు, దృఢమైన ఛాసిస్, నాలుగు మూలల పట్టీల స్ప్రింగులు, లో రేంజ్ గేరు. బురదలో ఈ తేలికదనమే దీని బలం. రెండు టన్నుల బండి కూరుకొనిపోయిన చోట ఇది పైపైన సాగిపోతుంది. కూరుకొన్నా నలుగురు మనుషులు నెట్టి తీయగలరు. అడవి దారిలో ఇది ఎంత మేలో అనుభవించినవారికే తెలుసు.

లోపాలు అంతకంటె తక్కువ కావు. పెట్రోలు తప్ప డీజిలు లేదు. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చిన పాత జిప్సీ మంచి జిప్సీ. గాలి సంచులు లేవు, ఎ.బి.ఎస్. లేదు. వెనుక సీట్లు ఎదురెదురుగా, ప్రక్కవాటుగా ఉంటవి. డెబ్బదేళ్ళ తల్లిని, అందునా జబ్బుతో ఉన్నప్పుడు, ఆ బల్లపై కూర్చుండబెట్టి గతుకుల దారిలో తీసుకొనిపోవడం ఎట్లుండునో శ్రీమతి గారు ఒకసారి ఊహించవలెను. కొనుటకు ముందే తల్లిగారిని దానిలో ఎక్కించి అయిదు కిలోమీటర్లు తిప్పి చూడుడని నా సలహా. నడిపే కొడుకు ఆనందం వేరు, వెనుక కూర్చున్న తల్లి నడుము వేరు.

ఇప్పుడు దళారి చూపిన బండి. ఇంజను వినుటకు ముందు కాగితం చదువవలెను. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల, స్థానిక సంస్థల, మనవంటి ప్రభుత్వరంగ సంస్థల పేరున ఉన్న వాహనాలకు పదిహేను సంవత్సరాలు నిండగానే రిజిస్ట్రేషన్ చెల్లదన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. రక్షణ, శాంతిభద్రతల విధులలోని ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు. అట్టి బండ్లు నమోదైన తుక్కు కేంద్రానికి పోవలసినవే. అందువలన ఆ 1997 బండి ఆర్.సి.లో నేటికీ ప్రభుత్వ శాఖ పేరే ఉన్నచో, దళారి అమ్ముతున్నది వాహనం కాదు, ఇనుము. ఆ నియమానికి పూర్వమే వేలంలో కొన్న వ్యక్తి తన పేరున మార్పించుకొని, ప్రైవేటు వాహనంగా రెన్యూవల్ చేయించి ఉంటే సంగతి వేరు. యజమానుల వరుస, రెన్యూవల్ తేదీ ఆర్.సి.లోను, రవాణా శాఖ రికార్డులలోను కనబడుతవి. "కాగితాలు తరువాత చేయించి ఇస్తాను" అనే మాట వినబడిన చోట చెప్పులు తొడుగుకొని లేచి రావలెను.

ప్రైవేటు వాహనమైనా పదిహేనేళ్ళ తరువాత అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించవలసినదే. ఆ రుసుము కార్లకు 2022 ఏప్రిల్ నుండి 600 నుండి 5,000 రూపాయలకు పెరిగినది. ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసినారు. 1997 బండి ఈ రెండవ కోవలోనిది. హరిత పన్ను అదనం. సరసమైన బండిగా తోచినది ప్రతి అయిదేళ్ళకు కొంత చేతిచమురు అడుగుతుందన్నమాట.

ఇంకొక చిక్కు రాష్ట్రాల సరిహద్దు. తెలంగాణలో కొన్న బండిని కిష్టారంలో పన్నెండు నెలలకు మించి ఉంచినచో ఛత్తీస్‌గఢ్ సంఖ్య తీసుకొనవలెను. దానికి ఫారం 28పై ఎన్.ఓ.సి., అక్కడి పన్ను. పేరు మార్పుకు అమ్మినవారు, కొన్నవారు నింపవలసిన 29, 30 ఫారములు ఖాళీగా సంతకాలు పెట్టించి జేబులో ఉంచుకొనే అలవాటు మన కాలనీలలో కలదు. అది ఇరువురికీ చేటు. రికార్డులో పేరున్న యజమానియే ప్రమాద నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. బీమా కూడా పద్నాలుగు రోజులలో కొన్నవారి పేరున మారవలెను.

సైన్యం వదిలిన జిప్సీలపై మన యువకులకు మోజు ఎక్కువ. ఆలివ్ ఆకుపచ్చ రంగు రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఎవరికీ వాడరాదని కేంద్ర మోటారు వాహన నియమాలలోని 121వ నియమం చెబుతున్నది. నియమం అట్లుంచి, కిష్టారం వంటి చోట సైనిక వాహనంగా పొరబడదగిన బండిలో తిరుగుట ఎంత మాత్రం క్షేమం కాదు. తెలుపో, ఎరుపో, దూరానికి ఇంటి బండిగా గుర్తింపబడే రంగు ఉండవలెను.

కాగితాలు సక్రమమైన వేరొక జిప్సీ దొరికినదనుకొందాము. ఉదయమే, యజమాని ఇంజను వేడి చేయకముందే పోవలెను. చల్లని ఇంజను మాత్రమే నిజం చెబుతుంది. స్టార్టు చేయగానే నీలి పొగ కమ్మినచో నూనె మండుతున్నది. తరువాత క్రింద పడుకొని ఛాసిస్ చూడవలెను. కొత్తగా నల్లరంగు దట్టించి ఉంటే స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. తుప్పును రంగు దాచగలదు గాని మోయలేదు. ముందు ఇరుసు చివరల గుండ్రని భాగం చుట్టూ గ్రీజు, నూనె కారుతున్నచో సీళ్ళు పోయినవి. ఆ లోపలి కింగ్‌పిన్ బేరింగులు అరిగినచో యాభై, అరవై కిలోమీటర్ల వేగంలో స్టీరింగు చేతులను ఊపివేస్తుంది. డిఫరెన్షియల్ మూత విప్పించి నూనె చూడండి. పాలు కలిసిన తేనీటి రంగులో ఉన్నచో ఆ బండి లోతు నీటిలో మునిగి లేచినదని అర్థం. చాలామంది అమ్మకందారులకు ఈ మూత సంగతి తట్టదు, కనుక అక్కడ అబద్ధం ఉండదు.

ఫోర్‌వీల్ డ్రైవ్ పరీక్ష మట్టినేలపైననే చేయవలెను. ఈ బండిలో ముందు, వెనుక ఇరుసుల నడుమ డిఫరెన్షియల్ లేదు. పొడి తారురోడ్డుపై నాలుగు చక్రాలు కలిపి మలుపు తిప్పినచో పళ్ళచక్రాలపై భారం పడుతుంది. పాత నమూనాలలో ముందు చక్రాల హబ్‌లను దిగి చేతితో తిప్పి బిగించవలసి ఉంటుంది. బిగించకుండా లోపల మీట వేసి "ఫోర్‌వీల్ పనిచేయుట లేదు" అని తిట్టుకొన్నవారు ఉన్నారు. లో రేంజ్‌లో వేసి చిన్న ఎత్తు ఎక్కించి, యాక్సిలరేటర్ వదలండి. మీట దానంతట అది ఊడివచ్చినచో ఖర్చు పెద్దదే.

ఇప్పుడు వాగు. సోదరీమణీ, మీ ప్రశ్నకు సమాధానం: దాటించదు. నాలుగు చక్రాలకు శక్తి అందుట వలన బురదలో పట్టు దొరుకుతుంది. ప్రవాహంలో బండికి కావలసినది శక్తి కాదు, బరువు. ఒక అడుగు నీరు సామాన్యమైన కార్లను తేల్చగలదు. రెండడుగుల ప్రవాహం పెద్ద వాహనాలను సైతం కొట్టుకొనిపోగలదు. టన్ను బరువున్న జిప్సీ, బురదలో మెచ్చుకొన్న ఆ తేలికదనం వలననే, నీటిలో ముందుగా లేస్తుంది. పైగా ఎరుపునీటి క్రింద కల్వర్టు ఉన్నదో కోసుకొనిపోయినదో కనబడదు. ఫోర్‌వీల్ ఉన్నదన్న ధీమాయే వాగులో దిగడానికి ప్రేరేపిస్తుంది. మీ భయం వాగు గురించి అయితే దానికి మందు బండి కాదు. మృగశిర కార్తెకు ముందే అత్తయ్యగారిని ఒప్పించి నాలుగు నెలలు చర్లలోనో భద్రాచలంలోనో గది అద్దెకు తీసి ఉంచుట. క్వార్టరుకు రానన్న మనిషి, తన భాష వినబడే, తనవారు సంతకు వచ్చిపోయే చర్లకు రావడానికి అంగీకరించవచ్చును. నాలుగు నెలల అద్దె జిప్సీ ధరలో ఏపాటి?

సోదర ఉద్యోగికి: ఆ 1997 బండి వద్దు. విరమణకు ముందు ఏ జిప్సీ కూడా వద్దు. పద్దెనిమిది నెలలు క్వార్టరు ముందు నిలబడిన బండి నడిచిన బండికంటె త్వరగా పాడవుతుంది. అప్పటివరకు వేసవి ప్రయాణాలకు అద్దె వాహనం చాలును. విరమణ తరువాత అక్కడ స్థిరపడి, ఒక వానాకాలం గడిపి, మీ పల్లె దారి ఎన్ని రోజులు నిజంగా ఫోర్‌వీల్ అడుగుతున్నదో స్వయంగా లెక్కించండి. పది రోజులే అయితే నేలకు ఎత్తుగా ఉండే సాధారణ డీజిలు జీపు మేలు. దానిని బాగుచేయగల మేస్త్రీ ప్రతి సంతలో దొరుకుతాడు. రెండు నెలలైతే 2000 తరువాతి ఎం.పి.ఎఫ్.ఐ. జిప్సీని, లేదా 2010 తరువాతి మహీంద్రా థార్‌లో ఫోర్‌వీల్ ఉన్న దానిని వెదకండి. 2023 జూన్‌లో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీలో వృద్ధులకు కూర్చొనుట సుఖమే గాని, గ్రాట్యుటీలో అంత భాగం బండిపై పెట్టుట నాకు సమ్మతం కాదు. ఏది కొన్నా, ధరలో మూడవ వంతు మరమ్మతులకు విడిగా బ్యాంకులో ఉంచిన పిమ్మటనే బేరం కుదుర్చుకొనండి.

పాత జిప్సీ ఇప్పటికే ఉన్న పాఠకులకు ఒక మాట. పెట్రోలులో ఇథనాల్ పాలు 2025 నాటికి 20 శాతానికి చేరినది. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ గాస్కెట్లు దానికి మెత్తబడి పగులుతవి. ఇథనాల్ తేమను పీల్చుకొనుట వలన చాలాకాలం నిలిపిన బండి ట్యాంకులో నీరు చేరి తుప్పు పడుతుంది. గొట్టాలన్నీ ఒకేసారి మార్పించి, వారానికొకసారైనా బండిని నడపండి. టైర్ల గురించి అడిగినవారికి సమాధానం వచ్చే సంచికలో.