కిటికీ ఎవరి సొత్తు?

మీ ఊరి బజారులో "ఇచ్చట జిరాక్సు తీయబడును" అన్న బోర్డు చూసే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు అక్కడి యంత్రం మీద పేరు చదవండి. చాలాచోట్ల అది వేరే కంపెనీ యంత్రమే అయి ఉంటుంది. జిరాక్సు ఒక అమెరికా కంపెనీ పేరు. మనమంతా కలిసి దాన్ని నకలుకు పేరుగా మార్చేశాం! అలా వాడవద్దని ఆ కంపెనీ ఎన్నో ప్రకటనలు వేసుకుంది. ఎవరు విన్నారు?

ఇది కంపెనీ మాట జనానిది కావడం. జనం మాట కంపెనీది కావచ్చునా?

ఒక్కోసారి కావచ్చు. ఆపిల్ పండు పేరు. కంప్యూటరుకు ఆ పేరు పెడితే ఎవరికీ నష్టం లేదు, కంప్యూటరు పండు కాదు కదా. కాని పండ్ల వర్తకుడొకడు "ఆపిల్ అన్న మాట నాది, మరెవరూ బండి మీద రాయరాదు" అంటే ఊరుకుంటామా? సరుకు రకాన్ని, గుణాన్ని తెలిపే మాటను మామూలుగా ట్రేడ్ మార్కుగా నమోదు చేయరాదని మన 1999 నాటి చట్టమూ చెబుతోంది.

ఇక విండోస్ సంగతి చూడండి. అంటే కిటికీలు. కంప్యూటరు తెర మీద ఒక్కో పనికి ఒక్కో గడి తెరుచుకుంటుంది. ఆ గడినే విండో అంటారు. 1970లలో ఇటువంటి గడులను తెర మీదికి తెచ్చినవారిలో ముఖ్యులు ఎవరో తెలుసా? ఆ జిరాక్సు కంపెనీ పరిశోధకులే! 1984లో వచ్చిన మెకింటాష్‌లోనూ అవి ఉన్నాయి. మైక్రోసాఫ్టు వారి విండోస్ అమ్మకానికి వచ్చింది 1985 నవంబరులో.

2001లో లిండోస్ అనే చిన్న కంపెనీ బయలుదేరింది. పేరు కావాలనే దగ్గరగా పెట్టుకున్నారు, అందులో అమాయకత్వమేమీ లేదు. మైక్రోసాఫ్టు ఆ ఏడాది డిసెంబరులో అమెరికాలో దావా వేసింది. విండోస్ అన్నది 1985 నవంబరుకు ముందే అందరూ వాడే మాట అయితే, తరువాత ఎంత పేరు తెచ్చుకున్నా అది ఒకరి సొత్తు కాబోదన్నాడు న్యాయాధిపతి. అందరి మాట అవునో కాదో తేల్చవలసింది జ్యూరీ.

నెదర్లాండ్స్ కోర్టులో మాత్రం మైక్రోసాఫ్టే గెలిచింది. లిండోస్ వారు 2004లో తమ పేరును లిన్‌స్పైర్‌గా మార్చుకున్నారు.

అదే ఏడాది జులైలో రాజీ కుదిరింది. మైక్రోసాఫ్టు 2 కోట్ల డాలర్లు చెల్లించింది. లిండోస్ వారు ఆ పేరు వదులుకున్నారు. దావా వేసినవారే ఎదుటివారికి డబ్బు ఇవ్వడం నేను వేరెక్కడా వినలేదు!

రెండు పక్షాలకూ లాభమే, కాదనను. కాని ఆ మాట మీద హక్కు వారిద్దరికేనా? తెర మీది గడిని దాని పేరుతో పిలవవలసిన మనందరి సంగతీ అందులో ఉంది. నాకైతే ఆ జ్యూరీ జవాబు వినాలని ఉండేది. జ్యూరీ ముందు విచారణే జరగలేదు.