ఏ పాదం తప్పో చెప్పండి

2020 సెప్టెంబర్‌లో గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్‌ను ఫేస్‌బుక్ నిషేధించింది. ఆయన రాతలు విద్వేషమేనని ఆ కంపెనీ ఉద్యోగులు ముందే తేల్చినా, వ్యాపారం దెబ్బతింటుందని పై అధికారి ఒకరు అడ్డుపడ్డారని అంతకు ముందు నెలలో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. ఆ రచ్చ తర్వాతే వేటు పడింది. నియమం కన్నా పరువే గట్టిగా పనిచేసిందన్నమాట. 2022లో, ప్రవక్త మీద వీడియో వివాదంలో పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం కింద ఆయన్ను నిర్బంధిస్తే, నవంబర్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆయన మాటలు మాకు బొత్తిగా గిట్టవు. కానీ అక్కడ ఒక ఉత్తర్వుంది, దాని మీద వాదన నడిచింది.

సైట్లకు చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీల దగ్గర, పేరూ రక్షణా ఇచ్చే కంపెనీల దగ్గర ఆపాటి కాగితం కూడా దొరకదు. 2017 ఆగస్టులో డైలీ స్టార్మర్ అనే నాజీవాద సైటును గోడాడీ వదిలించుకుంది, క్లౌడ్‌ఫ్లేర్ రక్షణ తీసేసింది. ఆ పొద్దున తాను చిరాకుగా నిద్రలేచి ఆ పని చేశానని, ఇంత అధికారం ఎవరి చేతిలోనూ ఉండకూడదని క్లౌడ్‌ఫ్లేర్ అధిపతి మాథ్యూ ప్రిన్సే ఉద్యోగులకు రాశారు. పోయింది నాజీల సైటు గనుక మాకూ బెంగ లేదు. (మన ప్రభుత్వం ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద మూయించే సైట్ల సంగతీ గుట్టే. 2009 నిబంధనలే గోప్యత పాటించమంటాయి.)

మరి దేవుణ్నే తిట్టే మన పాత పద్యాల సంగతేమిటి? మా గార్ల 2016 దాకా ఖమ్మం జిల్లా. జిల్లా మారినా భద్రాద్రి రాముడు మనవాడే, ఆయనకు తిట్లు కొత్త కావు. చెరసాలలో రామదాసు ఆడిన నిష్ఠూరాలను భజనల్లో తాళాలు వాయిస్తూ పాడుకుంటాం. ధంసా అనే సేనాని దండు భయానికి మూర్తులను పోలవరం తరలిస్తే, భల్లా పేరకవి భద్రగిరి శతకంలో రాముణ్నే నిలదీశాడు. సింహాచలంలో గోగులపాటి కూర్మనాథకవి నరసింహుణ్ని దులిపేశాడు. ఒకే సీసంలో దేవుడికి చీవాట్లు, దండెత్తిన ముస్లిం సేన మీద పరుషం, అడుగున కొండంత భక్తి. పీఠికతో అచ్చువేస్తే అది సాహిత్యం. అదే పద్యాన్ని ముందూ వెనకా లేకుండా ఏ ఊరేగింపు రోజో వాట్సాప్‌లో వదిలితే విద్వేషమే. ఆ శతకాన్ని ఒక వెబ్‌పత్రిక పెడితే, ఫిర్యాదు చూసే హోస్టింగ్ కంపెనీ పరదేశపు గుమాస్తా పీఠిక చదువుతాడా?

చదవడు. పైగా హోస్టింగ్ కంపెనీ చేతిలో చాలాసార్లు ఉండేది ఒక్క మీటే, ఖాతా నిలిపివేత. శతకంతోపాటు ఆ పత్రిక కథలు, సమీక్షలు, పదేళ్ల పాత సంచికలు ఒక్కపెట్టున మాయమవుతాయి. ఆ కంపెనీలను మేం అడిగేది ఇంతే: ఏ పద్యం, ఏ పాదం, ఏ నియమం కింద తప్పో రాసివ్వండి. జవాబుకు గడువివ్వండి. ఆలోగా మిగతా సంచికల జోలికి రాకండి.