తూకం మాట అలా ఉంచండి!

2007లో 'దేశముదురు'లో అల్లు అర్జున్ చొక్కా విప్పితే థియేటర్లలో ఈలలే ఈలలు! 2012లో 'పూలరంగడు' వచ్చింది. కమెడియన్‌గా బొద్దుగా చూసిన సునీల్ ఒంటిమీద సిక్స్ ప్యాక్! అప్పట్నుంచీ మన కుర్రకారుకి ఒకటే యావ. రాత్రి అన్నం మానెయ్యడం, తెల్లారగానే తూకం ఎక్కడం!

అలా పస్తులుంటే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది బాబూ! బరువు తగ్గుతుంది గానీ పొట్ట పొట్టలాగే ఉంటుంది. మరి కొవ్వు కరగడం, కండ పెరగడం రెండూ ఒకేసారి జరుగుతాయా అంటారా? కొత్తగా వ్యాయామం మొదలెట్టినవాళ్ళకి భేషుగ్గా జరుగుతాయి. వారానికి మూడు రోజులు బరువులెత్తండి. డబ్బుల్లేవా? దండీలు, బస్కీలు ఉన్నాయిగా! అయితే వారం వారం కాస్త కాస్త పెంచుతూ పోవాలి.

అన్నం పూర్తిగా మానక్కర్లేదు, నాలుగు ముద్దలు తగ్గిస్తే చాలు. మాంసకృత్తులు మాత్రం ఒంటి బరువులో కిలోకి 1.6 గ్రాముల చొప్పున రోజూ పడాలి. 60 కిలోల మనిషికి సుమారు 95 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే! 50 గ్రాముల మీల్ మేకర్‌లో పాతిక గ్రాముల దాకా ఉంటాయి, చవక కూడాను. కిడ్నీ జబ్బుంటే మాత్రం ముందు డాక్టర్నడగండి.

'నెలలో హీరోని చేస్తా' అంటూ జిమ్‌లో ఎవరైనా సూదిమందు చూపిస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి. అది స్టెరాయిడ్ అయితే గుండెకీ, కాలేయానికీ, ఆఖరికి మగతనానికీ ఎసరే!

తూకం కదల్లేదని కంగారొద్దు. ఒకే బరువున్న కొవ్వు కంటే కండ తక్కువ చోటు పడుతుంది. నెలకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టి చూసుకోండి. ప్యాంటుకి బెల్టు అవసరం పడుతోందా? అయితే పని జరుగుతున్నట్టే!