మోత కాదు, మేళవింపు కావాలి

ధ్వని పెట్టెలను సొంతంగా నిర్మించుకోవాలన్న ఉత్సాహం మన యువకులలో కనిపిస్తున్నది. ఇది మెచ్చదగినదే. కాని పెట్టె ఎంత పెద్దదైతే అంత గొప్ప, గుండె ఎంత అదిరితే అంత సంగీతం అన్న భావన సరియైనది కాదని మా అభిప్రాయం. సబ్‌వూఫర్ ధర్మం తానొక్కటే వినిపించటం కాదు. తోడి స్పీకరుకు కొరవడిన దానిని పూరించి, తాను ఉన్నట్టే తెలియకుండా ఉండటం దాని ధర్మం. వెనుక పెట్టె లేని పలక స్పీకర్లతో, అనగా డైపోల్ స్పీకర్లతో, దానిని జతపరచినప్పుడు ఈ ధర్మానికి అసలైన పరీక్ష ఎదురవుతుంది.

డైపోల్ అన్నది మనకు కొత్త మాటే గాని కొత్త వస్తువు కాదు. బుగ్గారం వీధులలో పీరీల పండుగనాడు మోగే డప్పును చూడండి. ఒకవైపు చర్మం, వెనుక అంతా ఖాళీ. చర్మం ముందుకు కదిలినప్పుడు ఎదుట గాలి ఒత్తిడి పెరుగుతుంది. అదే క్షణంలో వెనుక తగ్గుతుంది. ఈ రెండు అలలు చుట్టు తిరిగి కలిసినచోట ఒకదానినొకటి చెరిపివేసుకుంటాయి. డప్పుకు చురుకైన దెబ్బ ఉండి, నగారాకు ఉన్నంత గంభీరమైన మంద్రం లేకపోవటానికి ఇదొక ముఖ్య కారణం. నగారాకు అడుగున మూతబడిన గిన్నె ఉన్నది. వెనుక అల బయటికి రాలేదు. వెనుక చిల్లుల అట్ట మాత్రమే ఉండే పాతకాలపు వాల్వు రేడియోలు కూడ ఈ లెక్కలో డప్పు కోవలోనివే.

లెక్కతో చెప్పాలంటే, ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 50 హెర్ట్జుల స్వరం అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. అర మీటరు వెడల్పు పలక ఆ అలకు అడ్డుగోడ కాజాలదు. అందువలన ఒక హద్దు దాటి కిందికి దిగిన తరువాత, హెర్ట్జుల సంఖ్య సగమైన ప్రతిసారి డైపోల్ ధ్వని 6 డెసిబెల్లు తగ్గుతుంది. ఆ లోటు తీర్చుకోవాలంటే, మూసిన పెట్టెలోని వూఫర్ నాలుగింతలు కదలవలసినచోట డైపోల్ ఎనిమిదింతలు కదలవలసి ఉంటుంది. పలుచని పొర అంత కదలలేదు.

అయినా ఈ పలకలను లోకం ఎందుకు ఆదరించింది? ఇంగ్లాండులో పీటర్ వాకర్ 1957లో క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును విడుదల చేసినాడు. అమెరికాలో జిమ్ వైనీ 1969లో మాగ్నెపాన్ సంస్థను స్థాపించినాడు. పెట్టె గోడల గుబగుబ లేని స్వచ్ఛత, కంఠస్వరంలోని సహజత్వం వీటి సొత్తు. ఖవ్వాలీలో చప్పట్ల మధ్య గాయకుని ఊపిరి కూడ వినిపించాలని కోరేవారికి ఇవి ప్రియమైనవి. ఇట్టి సున్నితమైన పలకల ప్రక్కన గుమగుమలాడే పెట్టెను నిలిపితే, నెమ్మదిగా మాట్లాడే పండితుని ప్రక్కన దండోరా వేయించినట్టు ఉంటుంది.

కనుక ఏ పెట్టె తగును? గాలి రంధ్రం లేని, పూర్తిగా మూసిన పెట్టె తగునని మేము భావిస్తున్నాము. ఎడ్గార్ విల్చర్ 1954లోనే మూసిన చిన్న పెట్టెలోని గాలిని స్ప్రింగువలె వాడుకొనే పద్ధతిని లోకానికి చూపినాడు. రంధ్రమున్న పెట్టె తన హద్దుకు దిగువన 24 డెసిబెల్ల చొప్పున పడిపోతే, మూసిన పెట్టె 12 చొప్పున మెల్లగా తగ్గుతుంది. దెబ్బ పడిన తరువాత త్వరగా సద్దుమణుగుతుంది. ఎన్ని లీటర్ల పెట్టె కావాలో ఊహించి కట్టరాదు. థీల్, స్మాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపిన కొలతలు ప్రతి మంచి వూఫర్ వెంట వస్తాయి. వాటితో లెక్క కట్టాలి. మందమైన ప్లైవుడ్, లోపల అడ్డుబద్దలు, అతుకులలో గాలి దూరని జిగురు అవసరం. వూఫర్‌ను మెల్లగా నొక్కి వదిలినప్పుడు అది నిదానంగా వెనుకకు వస్తే పెట్టె బిగువుగా ఉన్నదని అర్థం.

ఒక పెద్ద పెట్టెకంటె రెండు చిన్న పెట్టెలు మేలు. ఐదు మీటర్ల పొడవు గదిలో సుమారు 34 హెర్ట్జుల వద్ద ధ్వని గోడల మధ్య నిలిచిపోయి, ఒకచోట ఉబికి, మరొకచోట మాయమవుతుంది. రెండు పెట్టెలను తగిన చోట్ల ఉంచితే ఈ హెచ్చుతగ్గులు చాలవరకు సర్దుకుంటాయి.

ఇక మేళవింపు. పలకలను, పెట్టెలను 80 హెర్ట్జుల ప్రాంతంలో కలపటం మంచి ఆరంభం. అంతకు దిగువన ధ్వని ఎటునుండి వస్తున్నదో చెవి సులభంగా పోల్చలేదు. ఎత్తైన పలక ధ్వని దూరంతోపాటు నెమ్మదిగా తగ్గుతుంది, పెట్టె ధ్వని వేరొక తీరున తగ్గుతుంది. కావున రెండింటి మట్టం కూర్చొని వినే చోటనే సరిచూడాలి. ఆ పిమ్మట పెట్టె తీగలను తారుమారు చేసి, కలిసే స్వరాన్ని మోగించాలి. ధ్వని అన్నిటికంటె తక్కువగా వినిపించేవరకు ఆలస్యాన్ని సవరించి, తీగలను మరల యథాస్థానంలో కలపాలి. అప్పుడు రెండూ ఒక్క గొంతుతో పలుకుతాయి.

మా ఊళ్ళలో ఇంత ఖరీదైన పలకలు ఎవరికి ఉన్నవని కొందరు అడుగవచ్చు. ఒక వెడల్పాటి చెక్కకు గుండ్రని రంధ్రం చేయించి, వెనుక పెట్టె లేకుండ స్పీకరును బిగిస్తే అదీ డైపోలే. వడ్రంగి సహాయం, కొంత ఓపిక చాలును.

ఈ చర్చ ఒక్క ఇంటి గదికే పరిమితం కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల హద్దు విధించినవి. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించినారు. ఏ మతం వారి ఊరేగింపైనా, పసిపాప చెవికి, ముసలివాని గుండెకు ఆ మోత ఒక్కటే. ఆజ్ఞతో మోత ఆగవచ్చును గాని అభిరుచి మారదు. అభిరుచిని మార్చగలిగేది మంచి ధ్వనిని తమ చేతులతో నిర్మించి విన్న అనుభవమే.

విద్యార్థులారా! పెట్టె కట్టగల చేతులు మీకున్నవి. వాటికి కొలతను, చెవికి వివేకాన్ని జతచేయండి. మీరు కట్టిన పెట్టెను ఆపినప్పుడు మాత్రమే దాని విలువ శ్రోతకు తెలియాలి. మోగుతున్నంతసేపు అతనికి పాట ఒక్కటే వినిపించాలి.