జహ్రావీ పేరు జల్సాలో, దాదీ కాలు పహిల్వాన్ చేతిలో

అల్ జహ్రావీ పేరు మన జల్సాల్లో వినబడని ఏడాది లేదు. "సర్జరీకి బాప్ మన ఖుర్తుబా హకీమే" అని మైకులో చెప్తే సుబ్హానల్లాహ్ అంటాం. బాగానే ఉంది. అదే మొహల్లాలో దాదీ గుసల్‌ఖానాలో జారిపడి తుంటి విరిగితే మాత్రం ముందు పహిల్వాన్ దగ్గరికి, లేదంటే పుత్తూరు కట్టుకి. ఆస్పత్రి పేరెత్తితే "మిషన్లతో హడ్డీ జోడిస్తారట, తోబా! షిఫా అల్లాహ్ చేతిలో ఉంది" అంటారు. ఈ మాట మీదే నా గుస్సా.

జహ్రావీ సాహెబ్ 30 భాగాల 'తస్రీఫ్'లో చివరి భాగం సర్జరీకే ఇచ్చారు. అందులో ఒక బాబ్ మొత్తం విరిగిన ఎముకలు, తప్పిన కీళ్ల గురించే. ఒంటి లోపల ఏది ఎక్కడుందో తెలియనివాడు కత్తి పట్టొద్దని ఆయన వెయ్యేళ్ల కిందటే గట్టిగా చెప్పారు. కంప్యూటర్ ఇవాళ చూపించేది ఆ లోపలి సంగతే. సీటీ స్కాన్‌తో ఎముక బొమ్మ తయారవుతుంది. ఎముకకీ డ్రిల్లుకీ గుర్తులు బిగిస్తారు. కెమెరా వాటిని కనిపెడుతూ ఉంటే డ్రిల్లు మొన ఎక్కడుందో తెర మీద కనబడుతుంది. బండి ప్రమాదంలో పెల్విస్ విరిగిన కుర్రాడికి వెనకవైపు స్క్రూ వేయాలంటే దారి సన్నం, పక్కనే నరాలు. అక్కడ ఈ నావిగేషన్ నిజంగా నేమత్.

పహిల్వాన్ చేతిలో ఏముంది? అందాజా. కట్టు బిగుసుకుని రక్తం ఆడక కాలు నల్లబడితే తీసేయాల్సి రావచ్చు. వేలి పగులుకి నడిచిపోయింది కదా అని తుంటికీ నడుస్తుందా? ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీసు మనందరికీ తెలిసిందే.

ఇక చదువుకున్నవాళ్లు నారాజ్ అయ్యే మాట. హోర్డింగు మీద రోబో బొమ్మ చూసి అమ్మీ గాజులు తాకట్టు పెట్టేవాళ్లూ మనలోనే ఉన్నారు. ఆ బొమ్మలు ఎక్కువగా మోకీలు మార్పిడివి. దాదీ తుంటికి మామూలుగా రాడ్డో, స్క్రూలో, సగం కీలు మార్పిడో చేస్తారు. చాలామందికి మామూలు ఎక్స్‌రే మిషన్ చూసుకుంటూనే అయిపోతుంది. అక్కడ జాన్ కాపాడేది టైము. వీలైతే 48 గంటల్లోపే ఆపరేషన్ కావాలి. మంచాన పడుంటే నెమ్ము, పుండ్లు, కాళ్లలో రక్తపు గడ్డలు. ఆ రెండ్రోజులూ మనమేం చేస్తాం? దుబాయ్‌లో ఉన్న పెద్ద కొడుకుతో మష్వరా, నూనె మాలిష్, లేడీ డాక్టర్ కోసం తలాష్. జరూరత్‌లో షరియత్ ఇచ్చిన రుఖ్సత్ గురించి ఏ ముఫ్తీసాబ్‌నైనా అడగండి, చెప్తారు.

పడిన మనిషి కాలు పొట్టిగా, బయటికి తిరిగి కనబడితే మాలిష్ వద్దు, లేపి నడిపించొద్దు, 108కి ఫోన్ చేయండి. డాక్టర్‌సాబ్‌ను అడగండి: ఈ విరుపుకి కంప్యూటర్ వల్ల ఫాయిదా ఏమిటి, లేకపోతే నుక్సాన్ ఏమిటి, ఆరోగ్యశ్రీలో వస్తుందా, ఆపరేషన్ ఎప్పుడు? "వచ్చే వారం" అంటే కారణం అడగండి. గుండె పరీక్షలో, రక్తం పలచబడే మందులో అంటే వినండి. రోబో ఖాళీ లేదంటే మాత్రం అదే పూట ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లండి.